అర్జీల కట్టలో ఓ ఇంటి కథ

నయాగరా జలపాతం చూసి వచ్చేవాళ్లు లక్షల్లో ఉంటారు. దానికి కూతవేటు దూరంలోనే ఉన్న ఓ చిన్న తెల్ల ఇంటి గుమ్మం తొక్కేవాళ్లు మాత్రం తక్కువే. ఆ ఇంటివాళ్ల చరిత్రను రాసింది రాజులూ కాదు, కవులూ కాదు. భూమి ఇప్పించమని, రాయి కొట్టుకోనివ్వమని, పింఛను ఇమ్మని వాళ్లు పెట్టుకున్న అర్జీలు... చర్చిలో పాదిరీ రాసుకున్న పద్దులు!

అమెరికాలోనో కెనడాలోనో పిల్లలుంటే అమ్మానాన్నల మొదటి ప్రయాణంలో తప్పనిసరిగా ఉండే మజిలీ నయాగరా. పడవెక్కి, ప్లాస్టిక్ కోటు తొడుక్కుని, తుంపర్లలో తడిసి, నాలుగు ఫొటోలు దిగి సాయంత్రానికి వెనక్కి బయల్దేరతారు. 'ఇంకేముంది ఇక్కడ చూడ్డానికి?' అనుకుంటారు.

ఉంది. కెనడా వైపు నది ఒడ్డునే ఉత్తరంగా ఒక రోడ్డు సాగుతుంది. పేరు నయాగరా పార్క్‌వే. ఆదివారం మధ్యాహ్నం కారులో షికారుకి ప్రపంచంలో ఇంతకన్నా అందమైన దారి లేదని 1943లో ఇటుగా వెళ్లిన చర్చిల్ మెచ్చుకున్నాడు. ఒకవైపు లోయలో పచ్చగా పారే నది, మరోవైపు ద్రాక్షతోటలు, పీచ్ తోటలు. అలా పదకొండు కిలోమీటర్లు వెళ్లేసరికి ఒక గుట్ట, గుట్ట మీద 56 మీటర్ల ఎత్తున బ్రాక్ సేనాని స్మారక స్తంభం కనిపిస్తాయి. గుట్ట దిగగానే ఉన్న చిన్న ఊరే క్వీన్‌స్టన్. మరో పది కిలోమీటర్లు పోతే నది ఆంటారియో సరస్సులో కలిసేచోట నయాగరా ఆన్ ద లేక్ పట్నం వస్తుంది.

క్వీన్‌స్టన్‌లో మనం చూడాల్సిన ఇల్లు సీకార్డ్‌లది. ఆ ఇంటి ఇల్లాలు లారా సీకార్డ్ పేరు కెనడాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎలాగంటే... చాక్లెట్ వల్ల! 1913లో టొరంటోలో మొదలైన ఓ మిఠాయి కంపెనీ ఆమె పేరు పెట్టుకుంది. ఇప్పటికీ ఆ పేరుతో చాక్లెట్లు అమ్ముతున్నారు. ఈ పాత ఇంటిని బాగు చేయించి, 1998లో నయాగరా పార్కుల సంస్థకు అప్పగించింది కూడా ఆ కంపెనీయే.

చాక్లెట్ డబ్బా సంగతి అలా ఉంచుదాం. అసలు ఈ సీకార్డ్‌లు ఎవరు? ఎక్కడినుంచి వచ్చారు? ఈ నది ఒడ్డున వాళ్లకు భూమి ఎలా వచ్చింది? ఇవి తెలియాలంటే మూడువందల ఏళ్లకు పైగా వెనక్కి, సముద్రం అవతలికి వెళ్లాలి.

ఏడాదికో కొవ్విన దూడ

ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ 1685లో ఒక ఫర్మానా జారీ చేశాడు. తన రాజ్యంలో ప్రొటెస్టెంట్లకు అంతవరకూ ఉన్న మత స్వేచ్ఛ ఇక చెల్లదన్నాడు. వాళ్లనే హ్యూగెనాట్లంటారు. లక్షల మంది ఇళ్లూ పొలాలూ వదిలేసి హాలెండుకూ ఇంగ్లండుకూ పారిపోయారు. కొందరు ఓడలెక్కి అమెరికా చేరారు. అలా వచ్చినవాళ్లలో ఆంబ్రోయిజ్ సికార్ అనే ఆయనా, ఆయన పిల్లలూ ఉన్నారు.

న్యూయార్క్ నగరానికి ఉత్తరంగా న్యూ రోషెల్ అనే ఊరుంది. ఫ్రాన్స్‌లో తాము వదిలొచ్చిన రోషెల్ రేవు పేరే ఆ శరణార్థులు తమ కొత్త ఊరికి పెట్టుకున్నారు. జాకబ్ లైస్లర్ అనే వర్తకుడు 1689లో పెల్ అనే భూస్వామి దగ్గర వాళ్లకోసం ఆరువేల ఎకరాలు కొన్నాడు. మరో వంద ఎకరాలు చర్చి కోసం ఉచితంగా వచ్చాయి. ఆ దస్తావేజులో ఒక షరతుంది. భూస్వామి అడిగితే, ఏటా జూన్ 24న ఒక కొవ్విన దూడను శిస్తుగా ఇవ్వాలి. ఎన్నాళ్లు? ఎప్పటికీ!

ఆ భూమిలోనే సికార్ కుటుంబం వేళ్లూనుకుంది. కొత్తలో ఊళ్లో చర్చి లేదు. ఆదివారం ప్రార్థన కోసం ఇరవై మైళ్ల దూరంలోని న్యూయార్క్ ఫ్రెంచి చర్చికి నడిచి వెళ్లేవాళ్లమని అక్కడి పాత కుటుంబాలు తరతరాలుగా చెప్పుకున్నాయి. ఆ ఫ్రెంచి చర్చి పద్దులు 1688 నుంచీ దొరుకుతాయి. బాప్టిజాలు, పెళ్లిళ్లు, సాక్షుల పేర్లు అన్నీ ఫ్రెంచిలోనే.

ఇంటిపేరు ఎలా మారిపోయిందో గమనించాలంటే ఇలాంటి కాగితాలే ఆధారం. ఫ్రెంచి పాదిరీ చేతిలో 'సికార్'. ఇంగ్లిషు గుమస్తా చెవిన పడ్డాక 'సీకార్'. మరో తరానికి చివర ఒక 'డ్' వచ్చి చేరి 'సీకార్డ్'. మన ఊళ్లో పట్టాదారు పుస్తకంలో ఒక పేరు, రేషన్ కార్డులో ఒక పేరు, బడి సర్టిఫికెట్లో ఇంకో పేరు ఉన్నట్టే! అందుకే పాత కుటుంబాల ఆరా తీసేవాళ్లు మొదట నేర్చుకునే పాఠం ఒకటే: అక్షరాలను నమ్మొద్దు, చెవిని నమ్ముకోండి. పేరు పలికి చూసుకుని, అది ఎన్ని రకాలుగా రాసే వీలుందో అన్ని రకాలుగానూ వెతకాలి.

ఒకే పేరు, రెండు పక్షాలు

1775లో అమెరికాలో స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది. బ్రిటిష్ రాజుకు వ్యతిరేకంగా తిరగబడ్డవాళ్లు ఒకవైపు, రాజుకే కట్టుబడ్డవాళ్లు ఇంకోవైపు. ఈ రెండోవాళ్లను లాయలిస్టులంటారు. వందేళ్ల క్రితం ఒక రాజు తరిమేస్తే వచ్చిన సికార్ల వంశంలో కొన్ని కుటుంబాలు ఇప్పుడు మరో రాజు కోసం అన్నీ పోగొట్టుకున్నాయి. జేమ్స్ సీకార్డ్ అనే ఆయన బట్లర్స్ రేంజర్స్ దళంలో లెఫ్టినెంటుగా చేరాడు. 1778లో భార్యాబిడ్డలను నయాగరాకు తీసుకొచ్చాడు. ఆయన చిన్నకొడుకు పేరు కూడా జేమ్సే. అప్పటికింకా పసివాడు.

అప్పట్లో నయాగరాలో సైనికుల కోట తప్ప ఊరనేది లేదు. కోటలో తిండిగింజలు చాలక, నదికి పడమటి ఒడ్డున కొన్ని కుటుంబాల చేత వ్యవసాయం మొదలుపెట్టించింది సైన్యం. ఆ తొలి రైతుల్లో సీకార్డ్‌లూ ఉన్నారు. 1784లో రేంజర్స్ దళాన్ని రద్దు చేశాక చాలామంది సైనికులు అక్కడే రైతులైపోయారు.

ఇక లారా పుట్టిల్లు దీనికి పూర్తిగా భిన్నం. ఆమె 1775 సెప్టెంబరు 13న మసాచుసెట్స్‌లోని గ్రేట్ బారింగ్టన్‌లో పుట్టింది. ఆ ఇల్లున్న స్థలంలో ఇప్పుడు ఊరి గ్రంథాలయం ఉంది. తండ్రి థామస్ ఇంగర్సోల్ తిరుగుబాటుదార్ల పక్షాన పోరాడాడు. అంటే వియ్యంకులిద్దరూ ఒకే యుద్ధంలో ఎదురెదురు పక్షాలవాళ్లన్నమాట! లారాకు ఎనిమిదేళ్లప్పుడు తల్లి చనిపోయింది. తండ్రి ఆ తర్వాత మరో రెండు పెళ్లిళ్లు చేసుకున్నాడు.

మరి రాజు మీద తిరగబడ్డ మనిషి రాజుగారి రాజ్యానికి ఎందుకొచ్చాడు? భూమి కోసం! 1792 ఫిబ్రవరిలో ఎగువ కెనడా గవర్నరు సిమ్‌కో ఒక ప్రకటన చేశాడు. వచ్చి అడవి కొట్టి సాగు చేసుకునేవాళ్లకు 200 ఎకరాల దాకా ఇస్తామన్నాడు. యుద్ధం తర్వాత అప్పుల్లో, పన్నుల్లో నలిగిపోతున్న అమెరికా రైతులకు అది వరంలా కనిపించింది. ఇంగర్సోల్ మరికొందరితో కలిసి 1793లో అర్జీ పెట్టాడు. థేమ్స్ నది ఒడ్డున ఒక టౌన్‌షిప్ మంజూరైంది. ఏకంగా 66 వేల ఎకరాలు! బదులుగా అక్కడ కుటుంబాలను తెచ్చి నిలపాలి. 1795లో ఆయన సంసారంతో సహా వచ్చి క్వీన్‌స్టన్‌లో పూటకూళ్ల ఇల్లు నడిపాడు. కానీ సిమ్‌కో వెళ్లిపోయాక ఆ మంజూరు రద్దయింది. చివరికి క్రెడిట్ నది ఒడ్డున సర్కారు సత్రం నడుపుతూ 1812లో కన్నుమూశాడు. ఇప్పుడు ఇంగర్సోల్ అనే పట్నం ఆయన పొలమున్న చోటే ఉంది.

అర్జీలో ఏముంటుంది?

ఎగువ కెనడాలో భూమి కావాలన్న ప్రతివాడూ గవర్నరు పేర అర్జీ రాసుకోవాల్సిందే. వాటి వరస దాదాపు ఒకటే. ముందు గవర్నరు గారి బిరుదులు. తర్వాత 'తమ విధేయుడు సవినయంగా మనవి చేసుకునేదేమనగా' అన్న ధోరణిలో ఒక పేరా. తను ఎవరు, ఎక్కడినుంచి ఎప్పుడొచ్చాడు, రాజు కోసం ఏం చేశాడు, ఏం పోగొట్టుకున్నాడు, ఇంట్లో ఎంతమంది, ఇప్పటిదాకా ఎంత భూమి అందింది. చివర్లో 'మీ క్షేమం కోసం ఎల్లప్పుడూ ప్రార్థిస్తాను'. వెనకవైపు కౌన్సిల్ గుమస్తా రాసిన నిర్ణయం, తేదీ. తాలూకా ఆఫీసు ముందు చెట్టుకింద అర్జీలు రాసిపెట్టేవాళ్లను చూసిన మనకు ఆ భాష పరాయిదనిపించదు.

లాయలిస్టు కుటుంబ పెద్దకు మొదట 100 ఎకరాలు, ఇంట్లో ఒక్కొక్కరికీ 50 ఎకరాల చొప్పున ఇచ్చేవారు. సైన్యంలో హోదానుబట్టి ఇంకా ఎక్కువ. 1789లో గవర్నర్ జనరల్ డార్చెస్టర్ లాయలిస్టుల పేర్లతో ఒక జాబితా తయారు చేయించాడు. వాళ్ల కొడుకులకు 21 ఏళ్లు రాగానే, కూతుళ్లకు ఆ వయసు వచ్చినా పెళ్లయినా, 200 ఎకరాలు ఇస్తామన్నాడు.

పాత కుటుంబాల చరిత్ర వెతికేవాళ్లకు ఈ కూతుళ్ల నిబంధన నిజంగా నిధి! ఎందుకంటే ఆ కాలపు కాగితాల్లో ఆడవాళ్ల పేర్లు దాదాపు కనిపించవు. పెళ్లయితే పుట్టింటి పేరు మాయమైపోతుంది. కానీ భూమి కోసం అర్జీ పెట్టేటప్పుడు మాత్రం 'నేను ఫలానా లాయలిస్టు కూతుర్ని, ఫలానావాడి భార్యను' అని రాసుకోవాలి. ఒక్క వాక్యంతో రెండు ఇళ్లు ముడిపడిపోతాయి. లారాకు మాత్రం ఈ హక్కు లేదు. ఆమె తండ్రి ఏ పక్షమో చెప్పుకున్నాం కదా. ఆమె భర్త జేమ్స్‌కు ఉంది.

భూమి మంజూరైనంత మాత్రాన అయిపోలేదు. 1818 నాటి నిబంధన ప్రకారం ప్రతి వంద ఎకరాలకూ ఐదెకరాల చొప్పున అడవి కొట్టి కంచె వేయాలి. 16 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవున ఇల్లు కట్టాలి. తన పొలం ముందున్న రోడ్డులో సగం తనే బాగు చేయాలి. అప్పుడే పట్టా.

ఆ అర్జీలన్నీ ఇప్పుడు కెనడా జాతీయ గ్రంథాలయ, పత్రాగారంలో ఉన్నాయి. వాటి పేర్ల సూచికలో 82 వేలకు పైగా పద్దులున్నాయి. అర్జీల ప్రతులను ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు.

పాదిరీ గారి పుస్తకం

అర్జీలో అందరూ రాజుగారికి వీరవిధేయులే. అవసరం అలాంటిది! అందుకే అందులో చెప్పిన ప్రతి మాటనూ ఇంకో కాగితంతో సరిచూసుకోవాలి. ఆ రెండో కాగితమే చర్చి పద్దు.

నయాగరా ఆన్ ద లేక్‌లో సెయింట్ మార్క్స్ చర్చి ఉంది. పాదిరీ రాబర్ట్ అడిసన్ 1792లో ఇక్కడికి వచ్చాడు. ఆ ఏటినుంచే చర్చి పద్దు పుస్తకం మొదలవుతుంది. రాతి చర్చి కట్టడం మాత్రం 1804లో మొదలైంది. 1813లో అమెరికా సైన్యం ఊరితోపాటు దాన్నీ తగలబెడితే గోడలు మిగిలాయి. తర్వాత బాగు చేసుకున్నారు. చర్చి ఆవరణలో ఒక సమాధి పలక మీద లోతైన కత్తిగాట్లు చూపిస్తారు. అమెరికా సైనికులు దాన్ని మాంసం కొట్టే బల్లగా వాడుకున్నారట!

అడిసన్ పుస్తకంలో ఒక్కో పద్దూ ఒక్క వరసే. తేదీ, బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు. లేదంటే వధూవరుల పేర్లు. అలంకారం లేదు. కానీ అర్జీల్లో కనిపించని మనుషులు ఇక్కడ కనిపిస్తారు. సెక్రటరీ జార్విస్ గారి నీగ్రో బానిసలైన మోజెస్‌కు, ఫీబీకి పెళ్లి జరిగినట్టు అందులో ఒక పద్దుంది. ఈ జార్విస్ ఎవరో కాదు, ఎగువ కెనడాలో భూమి పట్టాలు జారీ చేసే అధికారి. కొత్తగా బానిసలను తేవడాన్ని నిషేధిస్తూ 1793లోనే అక్కడ చట్టం వచ్చింది. అప్పటికే ఉన్నవాళ్లకు మాత్రం విముక్తి రాలేదు. జనానికి ఎకరాల మీద హక్కు రాసిచ్చిన ఆఫీసరు ఇంట్లో తమ ఒంటి మీద తమకే హక్కు లేని ఇద్దరు మనుషులు. వాళ్ల పేర్లను మనదాకా తెచ్చింది పాదిరీ రాసిన ఆ ఒక్క వరసే.

పద్దులు లేని చోట ఖాళీలూ మిగులుతాయి. అడిసన్ రాకముందు నయాగరాలో కాపురముండే పాదిరీయే లేడు. పెళ్లిళ్లు సైనికాధికారులో మేజిస్ట్రేట్లో చేసేసేవాళ్లు. అవన్నీ చెల్లుతాయని 1793లో ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. చర్చి వచ్చాకా అన్నీ తేటతెల్లం కాలేదు. దేశమంతా పేరు తెలిసిన లారా పెళ్లి ఏ రోజున జరిగిందో రూఢిగా చెప్పలేక, చరిత్రకారులు 'సుమారు 1797' అని రాసి ఊరుకుంటారు. పెద్ద కూతురు మేరీ పుట్టింది 1799లో. తర్వాత షార్లెట్, హారియెట్, చార్ల్స్, అపొలోనియా, లారా ఆన్, హన్నా. ఆరుగురు ఆడపిల్లలు, ఒక్క మగపిల్లాడు.

ముప్ఫైరెండు కిలోమీటర్లు

1812లో అమెరికాకూ బ్రిటన్‌కూ మళ్లీ యుద్ధం వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 13న క్వీన్‌స్టన్ గుట్ట మీద పోరు జరిగింది. బ్రాక్ సేనాని చనిపోయింది అందులోనే. స్థానిక దళంలో సార్జెంటుగా ఉన్న జేమ్స్ సీకార్డ్ గాయపడ్డాడు. లారా వెళ్లి భర్తను ఇంటికి చేర్చుకుంది.

మరుసటి ఏడాదికి క్వీన్‌స్టన్ అమెరికన్ల చేతిలో ఉంది. 1813 జూన్ 21న లారాకు ఓ సంగతి తెలిసింది. బీవర్ డామ్స్ దగ్గరున్న బ్రిటిష్ స్థావరం మీద అమెరికన్లు ఉన్నట్టుండి దాడి చేయబోతున్నారు. తన ఇంట్లో భోంచేస్తున్న అమెరికా అధికారుల మాటలు ఆమె చెవిన పడ్డాయంటారు. భర్త ఇంకా కోలుకోలేదు. ఇంట్లో ఐదుగురు పిల్లలు. ఆఖరి పిల్లకు మూడేళ్లు. మర్నాడు తెల్లవారుజామునే 37 ఏళ్ల లారా ఒక్కతే బయల్దేరింది.

నేరుగా వెళ్తే పన్నెండు మైళ్లు. అయితే కాపలా సైనికుల కంట పడకుండా సెయింట్ డేవిడ్స్ మీదుగా, అడవుల్లోంచి, వాగులు దాటుతూ చుట్టుతిరిగి వెళ్లింది. అలా సుమారు ఇరవై మైళ్లయింది. సాయంత్రానికి ఆదివాసీ యోధుల విడిది ఎదురైంది. వాళ్లు ఆమెను లెఫ్టినెంట్ ఫిట్జ్‌గిబ్బన్ దగ్గరికి చేర్చారు. జూన్ 24న అమెరికన్ల దండు రానే వచ్చింది. కానవాకే తదితర ప్రాంతాలకు చెందిన సుమారు 400 మంది ఆదివాసీ యోధులు అడవిలో మాటువేసి వాళ్లను చుట్టుముట్టారు. ఫిట్జ్‌గిబ్బన్ తన 50 మందితో వచ్చి లొంగుబాటు మాట్లాడాడు. 462 మంది బందీలయ్యారు.

ఇంత చేసిన లారా పేరు ఫిట్జ్‌గిబ్బన్ అప్పట్లో పైవాళ్లకు పంపిన నివేదికలో లేదు. ఆదివాసీ యోధులను నడిపిన డుషార్మ్ రాసిన కథనంలోనూ లేదు. పేరు బయటపడితే సరిహద్దులో ఉన్న కుటుంబానికి ముప్పని రాయలేదంటారు. కారణం ఏదైనా యుద్ధం పత్రాల్లో లారా లేదు. మరి ఎక్కడుంది?

రాయి కొట్టుకోనివ్వండి!

యుద్ధం అయ్యేసరికి సీకార్డ్‌లు చితికిపోయారు. జేమ్స్ దుకాణం దెబ్బతింది. అతని అన్న డేవిడ్ పేరు మీద వెలసిన సెయింట్ డేవిడ్స్ ఊరిని 1814 జులైలో అమెరికన్లు తగలబెట్టారు. జేమ్స్‌కు వచ్చే చిన్న పింఛను, గ్రాంథమ్ టౌన్‌షిప్‌లో ఉన్న 200 ఎకరాల మీద వచ్చే ఆదాయం... అంతే. యుద్ధం తర్వాత మరో ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు.

1820లో జేమ్స్ ఒక అర్జీ పెట్టుకున్నాడు. క్వీన్‌స్టన్ దగ్గర సైన్యం భూమిలో రాయి కొట్టుకోవడానికి అనుమతి కావాలన్నాడు. తమ కుటుంబం చేసిన సేవకు రుజువుగా ఫిట్జ్‌గిబ్బన్ రాసిచ్చిన యోగ్యతాపత్రం జత చేశాడు. 1813 జూన్‌లో మిసెస్ సీకార్డ్ కాలినడకన వచ్చి శత్రువుల ఎత్తు గురించి తనకు చెప్పిందన్నది దాని సారాంశం. 1827లో మళ్లీ ఒక అర్జీ, మళ్లీ ఒక యోగ్యతాపత్రం. 1837లో మూడోది. జేమ్స్‌కు 1828లో చిన్న ఉద్యోగం, 1835లో చిప్పావాలో కస్టమ్స్ వసూలు పని దొరికాయి. అంతలోనే 1828లో కూతురు అపొలోనియా జ్వరంతో పోయింది. పద్దెనిమిదేళ్ల పిల్ల.

1841లో జేమ్స్ చనిపోయాడు. చేతిలో చిల్లిగవ్వ లేదు. లారా చిప్పావా ఇంట్లో కొన్నాళ్లు పిల్లలకు చదువు చెప్పింది. పింఛను కోసం అర్జీ పెట్టింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు.

ఆ తర్వాత కథకు రెక్కలొచ్చాయి. 1864లో కాఫిన్ అనే రచయిత ఆమె చేతికి ఒక ఆవును కూడా ఇచ్చాడు. కాపలావాళ్లను ఏమార్చడానికి ఆవును తోలుకుంటూ వెళ్లిందని రాశాడు. నాటకాలొచ్చాయి, పద్యాలొచ్చాయి. కల్పన ఎక్కువయ్యేసరికి అసలుకే అనుమానం వచ్చింది. 1932లో వాలెస్ అనే చరిత్రకారుడు లారా నడక ఆ యుద్ధ ఫలితాన్ని తేల్చిందనడానికి ఆధారాల్లేవని తోసిపుచ్చాడు.

ఆ అనుమానాన్ని తీర్చిందేంటో తెలుసా? పాత సర్కారు అర్జీల కట్టలు! 1820 నాటి, 1827 నాటి యోగ్యతాపత్రాలు పరిశోధకుల చేతికందాక ఆమె నడిచిన మాట నిజమేనని తేలింది. రాయి కొట్టుకుని బతుకుతామంటూ పెట్టిన అర్జీకి జత చేసిన కాగితం ఒక దేశపు వీరగాథకు సాక్ష్యమైంది. ఆ ఇంటివాళ్లు కలిగినవాళ్లై ఉంటే ఆ అర్జీ రాసేవాళ్లూ కాదు, ఆ కాగితం పుట్టేదీ కాదు. ఆవు మాత్రం ఏ కాగితంలోనూ దొరకలేదు.

అర్జీలో లేనివాళ్లు

ఈ కాగితాలన్నీ చదివాక ఒక ప్రశ్న మిగులుతుంది. సర్కారు అంత ధారాళంగా పంచిపెట్టిన భూమి అసలు ఎవరిది? మిసిసాగా ఆదివాసులది. 1781 మే 9న ఒక ఒప్పందం మీద వాళ్ల పెద్దలు గుర్తులు పెట్టారు. నయాగరా నది పడమటి ఒడ్డున, రెండు సరస్సుల మధ్య నాలుగు మైళ్ల వెడల్పు నేల బ్రిటిష్‌వాళ్ల పరమైంది. బదులుగా అందింది 300 జతల బట్టలు! తర్వాత 1784లో జరిగిన, 1792లో సరిచేసిన మరో ఒప్పందంతో సుమారు 30 లక్షల ఎకరాలు పోయాయి. దాని వెల 1,180 పౌన్ల విలువైన సరుకులు.

సీకార్డ్‌లు వచ్చిన తోవను మనం అడుగడుగునా పట్టుకోగలుగుతున్నాం. దూడ శిస్తు నుంచి రాతి గని దాకా ప్రతిదానికీ కాగితముంది. ఆ నేల మీద అంతకుముందున్నవాళ్ల కుటుంబాల పేర్లు అర్జీల్లో లేవు. తమ నేలను తామే అర్జీ పెట్టి అడగాల్సిన అవసరం వాళ్లకు అప్పటిదాకా రాలేదు మరి. బీవర్ డామ్స్‌లో అసలు పోరాడిన వందలమంది యోధుల్లో చాలామంది పేర్లూ మనకు అందలేదు. ఈ పత్రాలు చదివేటప్పుడు రాసినవాళ్లతోపాటు రాయనివాళ్లనీ గుర్తుపెట్టుకోవాలి.

ఎలా చూడాలి?

టొరంటో నుంచి నయాగరా సుమారు 130 కిలోమీటర్లు. మే నుంచి అక్టోబరు దాకా వెళ్లడానికి అనువైన కాలం. జలపాతం చూశాక ఒక పూట మిగుల్చుకుంటే చాలు. ముందు నయాగరా ఆన్ ద లేక్ వెళ్లి సెయింట్ మార్క్స్ చర్చి చూసి, వెనక్కి వస్తూ క్వీన్‌స్టన్‌లో ఆగొచ్చు. పిల్లలుంటే సీకార్డ్ ఇంట్లో ఆ కాలపు వంటగది, పొయ్యి, మంచాలు ఆసక్తిగా చూస్తారు. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లకు ఇంకోటుంది. లారా నడిచి రెండువందల ఏళ్లయిన సందర్భంగా 2013లో ఆ ఇంటినుంచి థొరోల్డ్ దగ్గరున్న డిక్యూ ఇంటి దాకా 32 కిలోమీటర్ల కాలిబాట వేశారు. ఫిట్జ్‌గిబ్బన్ బస చేసింది ఆ డిక్యూ ఇంట్లోనే. మంటల్లో కాలిపోగా ఇప్పుడు గోడల అడుగుభాగమే మిగిలింది. మొత్తం నడవక్కర్లేదు. సెయింట్ డేవిడ్స్ దాకా నడిచినా ఆ ఎండలో, ఆ ఎత్తుపల్లాల్లో ఆమె పడ్డ కష్టం కొంత అర్థమవుతుంది.

చివరగా జలపాతానికి దగ్గర్లోనే లండీస్ లేన్‌లో ఉన్న డ్రమ్మండ్ హిల్ శ్మశానానికి వెళ్లాలి. భార్యాభర్తలిద్దరి సమాధులూ పక్కపక్కనే ఉంటాయి. లారా చనిపోయింది 1868 అక్టోబరు 17న. 93 ఏళ్లు బతికింది. బతికుండగా ఆమెకు దక్కిన పెద్ద గుర్తింపు ఒక్కటే. 1860లో బ్రిటిష్ యువరాజు కెనడా వచ్చాడు. 1812 యుద్ధంలో పోరాడిన పాత సైనికులంతా ఆయనకు ఒక సన్మానపత్రం ఇచ్చారు. దాని కింద సంతకం చేసినవాళ్లలో 85 ఏళ్ల లారా కూడా ఉంది. యుద్ధంలో తను చేసిందేమిటో వివరిస్తూ యువరాజుకు ప్రత్యేకంగా ఓ విన్నపమూ రాసుకుంది. ఇంగ్లండు వెళ్లాక ఆయన వంద పౌన్లు పంపించాడు.

నలభై ఏళ్లపాటు ఆ ఇంట్లోంచి వెళ్లిన అర్జీల్లో అడిగినదానికన్నా గొప్పగా ఫలించింది ఆ ఆఖరి అర్జీయే!